మిర్చి కోల్డ్ స్టోరేజీలో డేటా లాగర్: స్టార్ట్ చేయడం నుంచి సెల్ మార్చడం దాకా

గుంటూరు చుట్టుపక్కల చాలా కోల్డ్ స్టోరేజీల్లో ఛాంబర్ బయట ఎర్ర అంకెల డిస్‌ప్లే ఒకటి, దాని పక్కన మేకుకి వేలాడే రిజిస్టర్ ఒకటి ఉంటాయి. ఆపరేటర్ గంటకోసారి అందులో ఉష్ణోగ్రత రాయాలి. మధ్యాహ్నం రెండింటికీ, అర్ధరాత్రి రెండింటికీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో 6.0 అని వరసగా కనిపిస్తే ఆ పేజీ ఎప్పుడు నిండిందో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ పని మనిషితో కాకుండా యంత్రంతో చేయించేదే డేటా లాగర్. గుప్పిట్లో పట్టే డబ్బా. లోపల సెన్సార్, గడియారం, మెమరీ, ఒక చిన్న బ్యాటరీ సెల్ ఉంటాయి. కరెంటు అక్కర్లేదు, వైరు అక్కర్లేదు. మనం చెప్పిన వ్యవధిలో ఉష్ణోగ్రత, గాలిలో తేమ రాసుకుంటూ పోతుంది. ధర కూడా ఇప్పుడు అందుబాటులోనే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, అది తానున్న జానెడు చోటి సంగతే చెబుతుంది, తన గడియారం ప్రకారమే చెబుతుంది. ఎక్కడ పెట్టాం, గడియారం సరిగ్గా ఉందా అన్న రెండూ తేలకపోతే ఎంత ఖరీదైన లాగరైనా రిజిస్టర్ కంటే గొప్పదేమీ కాదు. అందుకే ఇక్కడ బటన్ల గురించి తక్కువగా, ఈ రెండింటి గురించి ఎక్కువగా రాస్తున్నాను. ఉదాహరణలు మిర్చి స్టోరేజీవే. విత్తనాల గోదాముకైనా, మందుల షాపు ఫ్రిజ్‌కైనా పద్ధతి దాదాపు ఇదే.

ఏది కొనాలి

ఉష్ణోగ్రత ఒక్కటే రాసేవి కొన్ని, తేమను కూడా రాసేవి కొన్ని. మందుల ఫ్రిజ్‌కి మొదటి రకం చాలు. ఎండుమిర్చికి మాత్రం రెండో రకమే తీసుకోండి. చల్లగా ఉన్నా, తేమ 65–70 శాతం దాటిన గాలిలో రోజుల తరబడి ఉంటే సరుకు ఆ తేమను పీల్చుకుంటుంది. ఆ తర్వాత బూజు, దాని వెనకాలే ఆఫ్లాటాక్సిన్ (బూజు వదిలే విషం) టెన్షన్. విత్తనాలు దాచేవాళ్లకి హారింగ్టన్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఒక మోటు లెక్క ఉంది: ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, గాలిలో తేమ శాతం రెండూ కలిపితే 100 దాటకూడదు. ఆ లెక్క చూసుకోవాలన్నా రెండు అంకెలూ కావాలి.

డబ్బా మీద కచ్చితత్వం ఎంతని రాశారో చూడండి. మామూలు లాగర్లకి ఉష్ణోగ్రతలో అటూఇటూ 0.5 డిగ్రీ, తేమలో అటూఇటూ 3 శాతం ఉంటుంది. డిస్‌ప్లే పదో వంతు దాకా చూపిస్తుంది కదా అని పదో వంతు దాకా నిజమనుకోకూడదు. 6.1 అని కనిపిస్తే అసలు ఉష్ణోగ్రత 5.6 నుంచి 6.6 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

బ్లూటూత్, వైఫై ఉన్నవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఛాంబర్ గోడలకి రేకు తొడిగిన ఇన్సులేషన్ ప్యానెళ్లుంటే సిగ్నల్ బయటికి రావడం కష్టం, పైగా సెల్ త్వరగా అయిపోతుంది. నా ఓటు మామూలు యూఎస్‌బీ లాగర్‌కే. ఫైలు తీయాలంటే లోపలికి వెళ్లాలి నిజమే. ఆ వంకతోనైనా నెలకోసారి ఛాంబర్‌లోకి వెళ్లి వాసన చూసి వస్తారు.

సెట్టింగులు

లాగర్‌ని కంప్యూటర్‌కి పెట్టేముందు కంప్యూటర్ గడియారం సరిగ్గా ఉందో లేదో ఫోన్‌తో పోల్చి చూడండి. చాలా లాగర్లు సెట్టింగులు రాసేటప్పుడు కంప్యూటర్ టైమునే తీసుకుంటాయి. ఆఫీసులో మూలనున్న పాత డెస్క్‌టాప్ లోపలి సెల్ అయిపోయి తేదీ ఎప్పుడో వెనక్కి పోయి ఉంటే, మీ లాగర్ కూడా ఆ సంవత్సరంలోనే బతుకుతుంది.

తర్వాత ఇంటర్వెల్. ఎంతసేపటికోసారి రాయాలి అన్నదానికి జవాబు మెమరీలో ఉంటుంది. ఎలిటెక్ ఆర్‌సీ-5 లాంటివాటిలో 32,000 రీడింగులు పడతాయి. లాస్కార్ ఈఎల్-యూఎస్‌బీ-2లో ఉష్ణోగ్రతకి 16 వేల పైచిలుకు, తేమకి అంతే. 32,000 లెక్కన చూస్తే నిమిషానికోసారి రాయిస్తే 22 రోజుల్లో నిండిపోతుంది. 5 నిమిషాలకైతే 111 రోజులు, 10 నిమిషాలకైతే 222 రోజులు, 15 నిమిషాలకైతే 333 రోజులు వస్తుంది. మిర్చి ఛాంబర్‌కి 10 నిమిషాలు సరిపోతాయి. గంటకోసారి పెడితే మాత్రం అరగంట పాటు తలుపు తెరిచి ఉంచిన సంగతి మీకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. తక్కువ వ్యవధి పెడితే సెల్ కూడా త్వరగా అరుగుతుందని గుర్తుంచుకోండి.

మెమరీ నిండాక ఏం చేయాలన్నది ఇంకో సెట్టింగు. ఆగిపోవాలా, పాతది చెరిపేసి పైన రాయాలా? వివాదం వచ్చినప్పుడు పాత నెలలే కావాలి కాబట్టి ఆగిపోయేలా పెట్టి, నిండకముందే ఫైలు తీసుకోవడం మేలు. రోజువారీ గమనింపు మాత్రమే కావాలంటే పైన రాసే పద్ధతి పెట్టుకోండి.

అలారంలో చాలామంది ఒక్క అంకె పెట్టి వదిలేస్తారు. 8 డిగ్రీలు దాటగానే ఎర్ర గుర్తు వచ్చేలా పెడితే, హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తున్న ప్రతి రోజూ అలారమే. నాలుగు రోజులయ్యాక దాన్ని ఎవరూ పట్టించుకోరు. అంకెతో పాటు ఎంతసేపు అన్నది కూడా పెట్టాలి. వ్యాక్సిన్ ఫ్రిజ్‌లలో వాడే 30 రోజుల లాగర్లు దీనికి మంచి ఉదాహరణ. వాటిలో 8 డిగ్రీల పైన 10 గంటలు ఉంటే వేడి అలారం, మైనస్ 0.5 లేదా అంతకంటే కింద 60 నిమిషాలు ఉంటే చలి అలారం. వేడిని టీకా కొంతసేపు ఓర్చుకుంటుంది, కానీ కొన్ని టీకాలు ఒక్కసారి గడ్డకడితే మళ్లీ పనికిరావు. అందుకే రెండు వైపులా గడువు ఒకేలా లేదు. మిర్చికి వేడి వైపు రెండు మూడు గంటలు గడువివ్వండి, తేమ వైపు 12 గంటలైనా ఇవ్వండి.

స్టార్ట్ డిలే అని ఉంటే అరగంట పెట్టండి. ఆఫీసు టేబుల్ మీది 34 డిగ్రీలు ఫైలు మొదట్లో పడకుండా ఉంటాయి.

లోపల పెట్టేముందు రెండు పరీక్షలు

కొత్త లాగరైనా సరే, ఈ రెండూ చేశాకే వాడండి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

మొదటిది ఐసు పరీక్ష. తాగే నీటితో చేసిన ఐసును బాగా దంచి ఫ్లాస్కు నిండా పోయండి. ముక్కల మధ్య సందులు నిండేంత చల్లటి నీళ్లు మాత్రమే పోయాలి, ఐసు తేలకూడదు. తేలుతోందంటే అడుగున నీళ్లెక్కువయ్యాయని అర్థం. అడుగునున్న నీళ్లు 4 డిగ్రీల దాకా ఉండొచ్చు, వాటిని వంపేయండి. లాగర్‌ని రెండు జిప్ కవర్లలో పెట్టి, గాలి పిండేసి, ఐసు మధ్యలోకి దింపండి. ఇంటర్వెల్ ఒక నిమిషం పెట్టి ముప్పావుగంట వదిలేయండి. చివరి పది రీడింగులు దాదాపు ఒకేలా ఉండాలి. 0.3 వచ్చినా, మైనస్ 0.4 వచ్చినా పర్వాలేదు, డబ్బా మీద రాసిన అర డిగ్రీలోనే ఉంది. 1.2 వస్తే మాత్రం షాపుకి తిరిగి ఇచ్చేయండి.

రెండోది ఉప్పు పరీక్ష, తేమ కోసం. ఉప్పుకి ఒక విచిత్రమైన గుణం ఉంది. మూత బిగించిన డబ్బాలో తడి ఉప్పు ఉంచితే, లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడిపోతుంది. 20 డిగ్రీలైనా, 30 డిగ్రీలైనా ఆ అంకె పెద్దగా కదలదు. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోయి నీళ్లు తేలితే పరీక్ష చెడినట్టే, ఇంకాస్త ఉప్పు వేయండి. గాలి చొరబడని డబ్బాలో ఒక పక్క ఆ మూత, ఇంకో పక్క లాగర్. రెండూ తగలకూడదు. రాత్రి పెట్టి పొద్దున చూడండి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కావాలి.

ఈ డబ్బా ఎండ పడే కిటికీ దగ్గరో, ఏసీ గాలి తగిలేచోటో ఉంచొద్దు. సెన్సార్‌కీ ఉప్పుకీ మధ్య ఒక్క డిగ్రీ తేడా వచ్చినా తేమ అంకె నాలుగు శాతానికి పైగా మారిపోతుంది. దుప్పటిలో చుట్టి బీరువాలో పెట్టేస్తే సరి. 72 నుంచి 78 మధ్య వస్తే లాగర్ బాగున్నట్టు.

రెండు ఫలితాలనూ తేదీతో సహా ఒక నోట్‌బుక్‌లో రాసి, లాగర్ వెనక మార్కర్‌తో నంబరు వేయండి. నాలుగు లాగర్లుంటే నాలుగింటినీ ఒకే డబ్బాలో, ఒకే ఐసులో పెట్టి పరీక్షించండి. ఒకటి 0.3, ఇంకోటి మైనస్ 0.4 చూపిస్తే, రేపు ఛాంబర్‌లో ఆ రెండింటి మధ్య కనిపించే 0.7 డిగ్రీల తేడా గదిది కాదని ముందే తెలిసిపోతుంది.

ఎక్కడ పెట్టాలి

ఛాంబర్‌లో అన్నిచోట్లా ఒకే ఉష్ణోగ్రత ఉండదు. కూలింగ్ కాయిల్ ఎదురుగా గాలి అన్నిటికంటే చల్లగా ఉంటుంది. తలుపు దగ్గర పైభాగం అన్నిటికంటే వేడిగా ఉంటుంది, ఎందుకంటే తలుపు తీయగానే బయటి వేడిగాలి పైనుంచి లోపలికి వస్తుంది, చల్లగాలి కిందినుంచి బయటికి జారిపోతుంది. బయటి ఎర్ర డిస్‌ప్లే సెన్సార్ గాలి తిరిగి కాయిల్‌లోకి వెళ్లే దారిలో ఉంటే, అది చూపించే అంకె అక్కడిదే. మూలన ఆరు వరసల ఎత్తులో పేర్చిన టిక్కీలది కాదు.

ఒకే ఒక్క లాగరుంటే తలుపుకి దూరంగా, కాయిల్ గాలి నేరుగా తగలని చోట, టిక్కీల పై వరస ఎత్తులో కట్టండి. గోడకి అంటించొద్దు. బయట మే నెల ఎండకి కాలిన గోడ వేడి కొంతైనా లోపలికి వస్తుంది. గోడకి కనీసం జానెడు దూరంలో, చౌకబారు ప్లాస్టిక్ తాడుతో వేలాడదీస్తే చాలు. ట్యూబ్‌లైటు పక్కన, ఫ్యాను మోటారు పక్కన పెట్టొద్దు.

రెండోది ఉంటే తలుపు దగ్గర పైన. మూడోది ఉంటే, దాన్ని గాలిలో కాకుండా లాటు నడుమ రెండు టిక్కీల మధ్య దూర్చండి. ఇది చాలామంది చేయరు, కానీ సరుకు గురించి నిజంగా చెప్పేది ఇదే. గాలిలో ఉన్న లాగర్ తలుపు తీసిన కొద్ది నిమిషాల్లోనే ఎగిరిపడుతుంది. టిక్కీల నడుమ ఉన్నది కదలడానికి గంటలు పడుతుంది, కొత్త లాటు పూర్తిగా చల్లబడడానికి రోజులే పట్టొచ్చు. కొనుగోలుదారు వచ్చి ఫలానా రోజు ఛాంబర్ 11 డిగ్రీలకి పోయిందట కదా అంటే, గాలి 11కి పోయినా సరుకు 7 దాటలేదని చూపించగలిగేది ఈ మూడో లాగరే. మందుల ఫ్రిజ్‌లలో సెన్సార్ కొసను గ్లైకాల్ సీసాలో ముంచి ఉంచడం కూడా ఇందుకే, గాలి కాకుండా మందు ఎంత చల్లగా ఉందో తెలియాలని.

టిక్కీల మధ్య పెట్టేటప్పుడు సెన్సార్ రంధ్రాల్లోకి కారం దుమ్ము పోకుండా పలుచని బట్ట సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమ కొలవలేదు. ఆ లాటు యజమానికి, గుమస్తాకి ముందే చెప్పి, లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోండి. లేకపోతే సరుకు అమ్మిన రోజు మీ లాగర్ కూడా లారీ ఎక్కి వెళ్లిపోతుంది.

పాలీహౌస్‌లో, ఆరుబయట పెట్టేవాళ్లకి ఒక్క మాట. ఎండ నేరుగా తగిలిన లాగర్ గాలి ఉష్ణోగ్రత కాదు, తన డబ్బా ఎంత కాలిందో చెబుతుంది. తెల్లటి కవచం కింద, చుట్టూ గాలి ఆడేలా, నేలకి 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో పెట్టాలి. వాతావరణ కేంద్రాల్లో వాడే ఎత్తు అదే.

స్టార్ట్ చేసి, అయిందో లేదో చూసుకోవడం

బటన్ ఉన్న లాగర్లలో చాలావాటికి స్టార్ట్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. ఆర్‌సీ-5లో అయితే ఐదు సెకన్లు. రికార్డింగ్ గుర్తు వెలగాలి. గుర్తు మిణుకుమిణుకుమంటుంటే చాలా మోడళ్లలో అది స్టార్ట్ డిలేలో ఉందని అర్థం. మోడల్‌కో తీరు ఉంటుంది కాబట్టి మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి.

స్టార్ట్ చేసిన మర్నాడు ఒకసారి వెళ్లి రీడింగుల సంఖ్య పెరిగిందో లేదో చూడండి. మూడు నెలల తర్వాత ఖాళీ ఫైలు చూసి తల పట్టుకోవడం కంటే ఇది నయం. పెట్టిన తేదీ, టైము, చోటు, లాగర్ నంబరు, మొదటి రీడింగు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. అదే రోజు గోడ మీది డిస్‌ప్లే ఎంత చూపిస్తోందో కూడా పక్కన రాసుకోండి.

ఫైలు తీసుకోవడం

చల్లగదిలోంచి లాగర్‌ని నేరుగా బయటికి తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చకూడదు. బయట 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలికి 24 డిగ్రీల కంటే చల్లటి వస్తువు ఏది తగిలినా దాని మీద నీళ్లు పడతాయి. 6 డిగ్రీల లాగర్ మీద పడకుండా ఎలా ఉంటాయి? యూఎస్‌బీ కొస మీద, సెల్ గదిలో, సెన్సార్ మీద చెమట పడుతుంది. తేమ సెన్సార్లు పాడవడానికి ఇదొక పెద్ద కారణం.

ఛాంబర్‌లో ఉండగానే లాగర్‌ని జిప్ కవర్‌లో పెట్టి మూసేయండి. బయటికి తెచ్చాక గంటసేపు అలాగే ఉంచండి. చెమటంతా కవరు మీదే పడుతుంది, లాగర్ పొడిగా ఉంటుంది. తర్వాత తీసి గుచ్చండి.

ఫైలు దిగగానే రెండు కాపీలు చేయండి. మొదటిది అలాగే ఉండాలి, దాన్ని ఎవరూ తెరిచి సేవ్ చేయకూడదు. పని అంతా రెండో దాని మీదే. ఫైలు పేరులో ఛాంబర్ నంబరు, చోటు, తీసిన తేదీ ఉండాలి. సంవత్సరం ముందు, తర్వాత నెల, ఆ తర్వాత రోజు పెడితే ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ వాటంతటవే వరసలో కూర్చుంటాయి.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలు తెరిచినప్పుడు తేదీల సంగతి చూసుకోండి. 03/04 అన్నది మనకి ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో సెట్ చేసిన కంప్యూటర్‌కి మార్చి 4. నెలలో మొదటి 12 రోజులు ఈ తేడా బయటపడదు. 13వ తేదీ వచ్చేసరికి గ్రాఫ్ చెల్లాచెదురవుతుంది.

గడియారం ఎంత జరిగిందో కూడా ఇప్పుడే చూడాలి. లాగర్‌లోని గడియారం రోజుకి ఒకటి రెండు సెకన్లు తప్పడం మామూలే. చలిలో అది ఇంకాస్త నెమ్మదిస్తుంది, ఎందుకంటే లోపలి క్రిస్టల్ దాదాపు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఆడేలా తయారుచేసినది. 5 డిగ్రీల దగ్గర ఆ ఒక్క కారణంగానే నెలకి అర నిమిషం వెనకబడుతుంది. ఆరు నెలలకి కొన్ని నిమిషాలు. జనరేటర్ లాగ్‌బుక్‌తో పోల్చాల్సి వస్తే ఆ నిమిషాలే గొడవకి మూలం.

గ్రాఫ్‌ని చదవడం

ఇక అసలు పని. బాగున్న ఛాంబర్ గ్రాఫ్ రంపం పళ్లలా ఉంటుంది: కంప్రెసర్ ఆన్ అయితే దిగుతుంది, ఆగితే ఎక్కుతుంది, 5.5కీ 6.8కీ మధ్య రోజంతా ఊగుతూ. ఏ కదలికా లేని తిన్నని గీత కనిపిస్తే సంతోషించకండి. సెన్సార్ పాడై ఉండొచ్చు, లేదా లాగర్ టిక్కీల కింద ఎక్కడో కూరుకుపోయి ఉండొచ్చు.

రోజూ దాదాపు ఒకే టైముకి, 20–30 నిమిషాల పాటు ఒక బుడిపె వస్తుంటే అది డీఫ్రాస్ట్. కాయిల్ మీది మంచు కరిగించడానికి కూలింగ్ ఆపుతారు, గాలి కాస్త వేడెక్కుతుంది, మళ్లీ దిగుతుంది. వాటి మధ్య దూరం తగ్గుతూ వస్తుంటే, అంటే రోజుకి రెండుసార్లు వచ్చేది నాలుగుసార్లు వస్తుంటే, కాయిల్ మీద మంచు ఎక్కువగా పడుతోందన్నమాట. తలుపు రబ్బరు చూడండి.

తలుపు తెరిచి ఉంచిన సంగతి ఎలా కనిపిస్తుందంటే, తలుపు దగ్గరి లాగర్‌లో ఉష్ణోగ్రత, తేమ రెండూ ఒకేసారి నిటారుగా లేస్తాయి. మూలనున్న లాగర్‌లో అదే కదలిక ఆలస్యంగా, చిన్నగా వస్తుంది. టిక్కీల మధ్యనున్నదానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మార్చి, ఏప్రిల్‌లో సరుకు దిగే రోజుల్లో ఇలాంటివి పొద్దున్నించి సాయంత్రం దాకా ఉంటాయి, అది సహజం. రాత్రి తొమ్మిది తర్వాత అలాంటి లేపు వస్తే ఎవరినైనా అడగాలి.

కరెంటు పోతే వేరేలా ఉంటుంది. రంపం పళ్లు ఠక్కున ఆగిపోతాయి. అన్ని లాగర్లూ కలిసి మెల్లగా, ఒకే వాలులో ఎక్కుతాయి. కాయిల్ మీది మంచు కరగడంతో తేమ కూడా నెమ్మదిగా పెరుగుతుంది. జనరేటర్ అందుకోగానే పళ్లు మళ్లీ మొదలు. వాలు ఎంత నిటారుగా ఉందో చూస్తే మీ ఇన్సులేషన్ ఎలా ఉందో తెలుస్తుంది. గంటకి అర డిగ్రీ ఎక్కే గదికీ, రెండు డిగ్రీలు ఎక్కే గదికీ చాలా తేడా.

ఒక్క లాగరే పది నిమిషాల్లో 6 నుంచి 29కి ఎగిరి, గంట తర్వాత మళ్లీ 6కి వస్తే, దాన్ని ఎవరో బయటికి తీసుకెళ్లారు. ఫోన్‌లో ఫొటో తీసుకోవడానికో, ఇదేంటా అని చూడ్డానికో. కోప్పడకండి, నోట్‌బుక్‌లో రాసి ఆ రీడింగులను లెక్కలోంచి తీసేయండి.

సగటు అంకెను నమ్మొద్దు. రోజులో 22 గంటలు 5 డిగ్రీలు, రెండు గంటలు 17 డిగ్రీలు ఉంటే సగటు సరిగ్గా 6. కాగితం మీద అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఎన్ని గంటలు గీత దాటి ఉందన్నదే చూడాలి. ఎక్సెల్‌లో కౌంట్‌ఇఫ్ ఫార్ములా వాడి 8 దాటిన రీడింగులు లెక్కపెట్టి, 10 నిమిషాల ఇంటర్వెల్ కాబట్టి ఆరుతో భాగిస్తే గంటలు వచ్చేస్తాయి.

సెల్

చిన్న లాగర్లలో ఎక్కువగా ఉండేది సీఆర్2032 బటన్ సెల్: 3 వోల్టులు, సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. కొన్నింటిలో 3.6 వోల్టుల లిథియం సెల్ ఉంటుంది, ఇది మామూలు పెన్సిల్ సెల్‌లో సగం పొడవుంటుంది. రెండూ చార్జ్ చేసేవి కావు. సీఆర్2032 బదులు అదే సైజులో దొరికే ఎల్ఐఆర్2032 వేస్తే పూర్తి చార్జ్‌లో 4.2 వోల్టులు ఇస్తుంది, సర్క్యూట్ పోవచ్చు.

మల్టీమీటర్‌తో కొలిచి 2.9 ఉంది కదా, ఇంకా నడుస్తుందిలే అనుకోవడం పొరపాటు. లోడు లేనప్పుడు ఈ సెల్ వోల్టేజీ దాదాపు చివరి దాకా నిలబడే ఉంటుంది, ఆఖరున ఒక్కసారిగా జారుతుంది. పైగా చలిలో సెల్ లోపలి నిరోధం పెరుగుతుంది. ఆఫీసులో సగం బ్యాటరీ చూపించిన లాగర్ ఛాంబర్‌లోకి వెళ్లాక ఖాళీ గుర్తు చూపించడం, ఏదో రాత్రి ఆగిపోవడం అందుకే. సెల్ ఖర్చు చాలా తక్కువ. కొత్త సరుకు రాకముందే, జనవరిలో, బాగున్నా బాగులేకపోయినా అన్నింటికీ కొత్తవి వేసేయండి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి, నమ్మకమైన షాపులో కొనండి.

మార్చే వరస ఇది. ముందు రికార్డింగ్ ఆపి ఫైలు తీసుకోండి. మెమరీ సాధారణంగా సెల్ తీసినా పోదు, కానీ గడియారం మొదటికి వచ్చేస్తుంది, కొన్నింటిలో సెట్టింగులు కూడా. తర్వాత లాగర్‌ని గది ఉష్ణోగ్రతకి రానిచ్చి, చేతులు తుడుచుకుని మూత తీయండి. సెల్‌ని ఇనప చిమటాతో పట్టుకోవద్దు, రెండు వైపులా తగిలి షార్ట్ అవుతుంది. ప్లస్ గుర్తు ఎటు ఉందో చూసి కొత్తది పెట్టండి. మూత అంచునున్న రబ్బరు రింగు మీద దుమ్మో, వెంట్రుకో లేకుండా చూడండి. రింగు పగుళ్లిచ్చి ఉంటే మార్చాల్సిందే, లేకపోతే నీళ్లు చొరబడవన్న మాట డబ్బా మీదే మిగులుతుంది. చివరగా కంప్యూటర్‌కి పెట్టి గడియారం మళ్లీ సెట్ చేయండి. ఈ చివరి పని మరిచిపోతే ఆ సీజన్ ఫైలు మొత్తం ఏ తేదీదో తెలియదు.

పాత బటన్ సెల్‌ని టేబుల్ మీద వదిలేయకండి. స్టోరేజీ ఆవరణలో కాపలావాళ్ల పిల్లలు తిరుగుతుంటారు. పిల్లలు దీన్ని మింగితే గొంతు దగ్గర ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలుస్తుంది. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పాత సెల్ రెండు వైపులా టేపు అంటించి, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

శుభ్రం, మందు పొగ

బయటి డబ్బాని పొడి బట్టతో తుడిస్తే చాలు. మరీ మరకలుంటే కొద్దిగా తడి చేసిన బట్ట వాడొచ్చు. సెన్సార్ రంధ్రాల దగ్గర మెత్తటి కుంచెతో కారం దుమ్ము దులపండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపరలు పడతాయి, దుమ్ము మీ కళ్లల్లో కూడా పడుతుంది. స్పిరిట్, థిన్నర్, పెయింట్ వాసన తేమ సెన్సార్‌కి పడదు. సెన్సార్‌లో తేమ పీల్చే పలుచని పొర ఉంటుంది, ఈ ఆవిర్లు అందులోకి దిగి అంకె తప్పిస్తాయి. ఛాంబర్‌కి రంగు వేయిస్తుంటే లాగర్లు బయటే ఉండాలి. కూలింగ్‌కి వాడే అమోనియా గ్యాస్ లీకైన గదిలో ఉన్న లాగర్‌కి మళ్లీ ఉప్పు పరీక్ష చేశాకే నమ్మండి.

గోదాముల వాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇంకోచోట. పురుగు పట్టకుండా అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టి గది మూసేస్తారు కదా, వాటి నుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ రాగిని, వెండిని తినేస్తుంది. తేమ ఉంటే ఇంకా త్వరగా. లాగర్ లోపలి సర్క్యూట్ అంతా రాగే. బిళ్లలు పెట్టేముందు లాగర్లన్నీ బయటికి తీసేయండి. గది పూర్తిగా గాలాడి, లోపలికి వెళ్లొచ్చని ఆ పని చేసినవాళ్లు చెప్పాకే తిరిగి పెట్టండి. ఆ రోజులకి ఫైల్లో ఖాళీ ఎందుకుందో నోట్‌బుక్‌లో రాయండి.

తేమ 80 శాతం పైన రోజుల తరబడి ఉన్న గదిలో సెన్సార్ రెండు మూడు శాతం ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. అది పాడైనట్టు కాదు. పొడిగా, వెచ్చగా ఉన్న గదిలో కొన్ని రోజులు ఉంచి మళ్లీ ఉప్పు పరీక్ష చేస్తే చాలాసార్లు దారికి వస్తుంది.

సర్టిఫికెట్ ఎవరికి కావాలి

ఐసు, ఉప్పు పరీక్షలు మన నమ్మకానికి. ఎగుమతిదారుకో, బ్యాంకుకో, బీమా కంపెనీకో చూపించాలంటే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేషన్, అంటే ప్రామాణిక పరికరంతో పోల్చి చూడడం, చేయించి సర్టిఫికెట్ తీసుకోవాలి. ఏడాదికోసారి చేయించడం వాడుక. ల్యాబ్‌కి పంపేటప్పుడు ఏ ఉష్ణోగ్రతల దగ్గర పరీక్షించాలో మీరే చెప్పండి. చెప్పకపోతే 25, 40, 60 డిగ్రీల దగ్గర చేసి పంపే అవకాశం ఉంది, 6 డిగ్రీల ఛాంబర్‌కి దాంతో పనేముంది? 0, 5, 10 అని రాసివ్వండి. ఉన్న లాగర్లన్నిటికీ డబ్బు పెట్టక్కర్లేదు. ఒకదానికి చేయించి, దాన్నే కొలబద్దగా పెట్టుకుని, మిగతావాటిని దాని పక్కన ఒకే డబ్బాలో ఒక రాత్రి ఉంచి పోల్చుకోండి. సర్టిఫికెట్‌లో రాసిన తేడాను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి సరిచేస్తే, ఏ తేదీ నుంచి సరిచేశారో రాసిపెట్టండి. లేకపోతే అదే తేడాను ఎక్సెల్‌లో ఇంకొకరు మళ్లీ తీసేస్తారు.

ఛాంబర్ ఖాళీ అయిన నెలల్లో లాగర్లను ఆపి, సెల్ తీసి, సిలికా జెల్ పొట్లం లేని మామూలు డబ్బాలో పెట్టండి. పొట్లం ఉన్న డబ్బాలో నెలల తరబడి ఉంచితే తేమ సెన్సార్ అతిగా ఎండి, సీజన్ మొదట్లో తక్కువ చూపించే అవకాశం ఉంది. సెల్ తీసినట్టు డబ్బా మీదే రాయండి. జనవరిలో దాన్ని తెరిచేది మీరే కాకపోవచ్చు.